కాంతి కిరణముపై మాట: ఫోటోఫోను నుండి చిప్పు వరకు

తీగ లేకుండ మాటను దూరమునకు మోసిన మొదటి వాహనము రేడియో తరంగము కాదు, సూర్యకాంతి. రేడియో తరంగముల ఉనికిని హెర్ట్జ్ ప్రయోగపూర్వకముగా చూపుటకు ఏడేండ్ల ముందే, 1880వ సంవత్సరమున, ఈ విచిత్రము అమెరికాలోని వాషింగ్టను నగరమున జరిగినది. ఫ్రాంక్లిన్ పాఠశాల భవనముపై నుండి ఛార్లెస్ సమ్నర్ టెయింటరు ఒక పరికరము నెదుట మాటలాడెను. సుమారు 213 మీటర్ల దూరమున, ఎల్ వీధిలోని ప్రయోగశాలలో, అలెగ్జాండర్ గ్రాహం బెల్ శ్రవణయంత్రమును చెవికి ఆనించుకొని యుండెను. మాట వినబడినచో కిటికీ వద్దకు వచ్చి టోపీ ఊపవలసినదని టెయింటరు కోరెను. బెల్ టోపీ ఊపెను.

ఈ పరికరమునకు ఫోటోఫోను అని పేరు. దాని నిర్మాణము తేలికగనే బోధపడును. కటకము ద్వారా ఎండను ఒక పలుచని అద్దముపై పడునట్లు చేసిరి. మాటలాడినపుడు శబ్దతరంగములు అద్దము వెనుక భాగమును తాకును. అద్దము లోనికి, వెలుపలికి స్వల్పముగా ఉబ్బును. అందుచే పరావర్తనమైన కిరణము ఒకపుడు కూడుకొనును, ఒకపుడు చెదరును. అనగా మాటకు అనుగుణముగా వెలుగు హెచ్చుతగ్గులు పొందును. ఆవలి వైపున పెద్ద పరావలయ దర్పణము ఆ వెలుగును సెలీనియము బిళ్ళపై కేంద్రీకరించును. వెలుతురు సోకినపుడు సెలీనియము యొక్క విద్యున్నిరోధము తగ్గునని విలోబీ స్మిత్ 1873లోనే ప్రకటించియుండెను. కావున వెలుగులోని మార్పు బ్యాటరీ వలయములోని విద్యుత్తులో మార్పుగను, అది తిరిగి శ్రవణయంత్రములో శబ్దముగను మారెను.

బెల్ తన టెలిఫోనుకన్న దీనినే గొప్పదిగా ఎంచెను. లోకము మాత్రము అట్లెంచలేదు. మబ్బు పట్టినచో ఎండ లేదు; మంచు కురిసినచో దారి లేదు. సెలీనియము మందకొడి పదార్థము. వెలుగు వేగముగా మారినచో వెంట పరుగెత్తజాలదు. బలహీనమైన విద్యుత్తును హెచ్చించు వర్ధకము ఆనాటికి లేనే లేదు. అద్దము, కటకము, దర్పణము, బ్యాటరీ వేరువేరుగా నిలిచియుండగా వానినన్నిటిని ఒకే రేఖపైకి తెచ్చుట పెద్ద శ్రమ. ఇంతలో మార్కోనీ చేతిలో రేడియో ఎదిగి, కొండలు గుట్టలు దాటి సముద్రములపై వ్యాపించెను. సూత్రము సరియైనదే. దానిని మోయగల సామగ్రి మాత్రము అప్పటికి పుట్టలేదు.

ఆ సామగ్రి అర్ధవాహకముల నుండి వచ్చినది. 1960లో మైమన్ కెంపు లేసరును వెలిగించెను. 1962లో గాలియము ఆర్సెనైడుతో చేసిన డయోడు లేసరులు వెలువడెను. గదిలోని ఉష్ణోగ్రత వద్ద అవి ఎడతెగక వెలుగుట 1970లో సాధ్యమయ్యెను. ఈ దీపము ఆవగింజకన్న చిన్నది. దానిలోనికి పోవు విద్యుత్తును మార్చినచో వెలుగు తానే మారును. కదిలెడి అద్దముతో పనిలేదు. సెలీనియము స్థానమున సిలికాన్ డయోడు నిలిచెను.

1979లో స్విట్జర్లాండులోని ఐ.బి.ఎం. ప్రయోగశాలకు చెందిన గ్ఫెల్లర్, బాప్స్ట్ అను పరిశోధకులు మరొక దారి చూపిరి. పరారుణ కాంతిని గది కప్పుపైకి, గోడలపైకి చిమ్మి, చెదరిన వెలుగుతోనే గదిలోని యంత్రముల నడుమ వార్తలు నడుపవచ్చుననిరి. గురిచూచు శ్రమ తొలగెను గాని, కొత్త చిక్కు వచ్చెను. చెదరిన వెలుగు బలహీనమైనది. దానిని పట్టుటకు డయోడు వైశాల్యమును పెంచవలెను. వైశాల్యము పెరిగిన కొలది డయోడులో విద్యుత్తును నిలువచేయు గుణము పెరిగి, వేగము తగ్గును. డయోడును వర్ధకముతో కలుపు తీగ పొడవైనచో ఈ దోషము ఇంకను హెచ్చును. పరిసర యంత్రముల అలజడి కూడ ఆ తీగలో చేరును.

దీనికి ఉపాయము, డయోడును వర్ధకమును ప్రక్కప్రక్కనే ఒకే దిమ్మలో పొదిగి, పైన కటకమును పోతపోయుట. కటకము వెలుగును కూర్చును గనుక డయోడు చిన్నదైనను చాలును. తీగ కురుచయైనందున వేగము నిలుచును, శక్తి వ్యయము తగ్గును. భాగములను ఏకము చేయుట కేవలము చోటు కలిసివచ్చుటకు కాదు; పనితీరే దానిపై ఆధారపడియున్నది. టెలివిజను రిమోటు సంకేతమును అందుకొను నల్లని చిన్న దిమ్మ ఇందుకు ఉదాహరణము. డయోడు, వర్ధకము, అనవసర సంకేతములను తొలగించు వలయము అన్నియు అందులోనే గలవు. దాని నల్లని ప్లాస్టిక్కు దృశ్యకాంతిని ఆపి పరారుణమును మాత్రము లోనికి విడుచును.

ఆరుబయట కథ వేరు. అచ్చట సన్నని కిరణమును దూరమున నున్న లక్ష్యమునకు తప్పక గురిపెట్టవలెను. 2017 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ సంస్థ, ఆల్ఫాబెట్ వారి ఎక్స్ సంస్థతో కలిసి, గ్రామీణ ప్రాంతములకై ఇట్టి కాంతి లంకెలు 2,000 నెలకొల్పు యోచనను ప్రకటించెను. ఆ ఎక్స్ సంస్థలోని తారా పథకము వారు 2021లో కాంగో నదిపై బ్రాజవిల్, కిన్షాసా నగరముల నడుమ 4.8 కిలోమీటర్ల లంకె వేసిరి. అది 20 దినములలో సుమారు 700 టెరాబైట్ల సమాచారమును మోసెను. గాలికి స్తంభము ఊగినను కిరణము తప్పకుండుటకు ఆ పెట్టెలలో కదిలెడి అద్దములు అమర్చబడినవి.

2025లో అదే బృందము గోరంత సిలికాన్ చిప్పును ప్రదర్శించెను. అందు వందలాది సూక్ష్మ కాంతి ద్వారములు గలవు. ఒక్కొక్క ద్వారము నుండి వెడలు తరంగమును కొంచెము ముందు వెనుకలు చేసినచో, అవి కలిసి ఏర్పడు కిరణము దిశ మారును. ఏ భాగమును కదలనక్కరలేదు. పరీక్షలో ఇది ఒక కిలోమీటరు దూరమునకు సెకనుకు 1,000 కోట్ల బిట్లను పంపెను.

అయినను దట్టమైన పొగమంచు బెల్ కాలమునందువలెనే నేటికిని కిరణమునకు అడ్డు నిలుచును. ఎంత చిన్న చిప్పైనను వాతావరణమును మార్చజాలదు. అందుచే కాంతి లంకెకు తోడుగా రేడియోనో, తీగనో ఉంచుట వివేకము. మిగిలిన చిక్కులలో పెక్కింటిని మాత్రము, వేరువేరుగా నిలిచిన పనిముట్లను ఒక్కచోటికి చేర్చిన అర్ధవాహక విద్య తీర్చినది.