చేరడం, చేర్చడం: పశ్చిమ కర్నూలులో ‘సభ్యుడు’ – ఒక చారిత్రక పరిశీలన (1938–2022)

వ్యాససంగ్రహం:

ఎమ్మిగనూరులో 1938లో ఏర్పడిన చేనేత సహకార సంఘం, 1998 తర్వాత తెలుగు ప్రాంతాల్లో విస్తరించిన గొలుసుకట్టు విక్రయ వ్యవస్థ రెండూ సామాన్యులను ‘సభ్యులు’గా చేర్చుకున్నవే. మొదటిదానిలో కొత్త సభ్యుడికి అందిన ఆసరా బయటి మార్కెట్టులో అమ్ముడైన బట్ట నుంచి వచ్చింది. రెండవదానిలో అది ప్రధానంగా అతడి తర్వాత చేరే వ్యక్తి మీద ఆధారపడింది. ఈ భేదాన్ని చట్టం, న్యాయస్థానం, ప్రభుత్వ నియమాలు ఏయే దశల్లో ఎలా గుర్తించాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సభ్యత్వం, చేనేత సహకారం, గొలుసుకట్టు వ్యాపారం, ఎమ్మిగనూరు, 1978 నిషేధ చట్టం.

1. ఉపోద్ఘాతం

తెలుగులో ‘చేరు’ అకర్మక క్రియ. ‘చేర్చు’ దాని సకర్మక రూపం. ‘చేర్పించు’ ప్రేరణార్థకం. ఒక సంఘంలో చేరిన వ్యక్తి చేరడంతో ఆగవచ్చు. అతడి సభ్యత్వానికి లోటు రాదు. గొలుసుకట్టు విక్రయ వ్యవస్థలో అలా ఆగిన వ్యక్తికి ఎదుగుదల లేదు. అతడు మరొకరిని చేర్చాలి, ఆ మరొకరి చేత ఇంకొకరిని చేర్పించాలి. వ్యాకరణంలో మూడు మెట్లుగా కనిపించే ఈ క్రియలు ఇక్కడ ఒకే వ్యక్తి మీద పడే మూడు బాధ్యతలుగా మారతాయి.

ఆదోని, ఎమ్మిగనూరు, కోడుమూరు ప్రాంతం ఈ పరిశీలనకు తగిన క్షేత్రం. వర్షాధార సేద్యం, ఆదోని పత్తి మార్కెట్టు, చేనేత ఇక్కడి జీవనాధారాలు. పని లేని నెలల్లో కుటుంబాలు ఊరు విడిచి సుగ్గికి పోవడం ఇక్కడ ఏటా జరిగేదే. నిలకడైన ఆదాయం అరుదైన చోట ‘సభ్యుడిగా చేరండి’ అనే పిలుపుకు ఎక్కువ బరువుంటుంది. ఆ పిలుపు ఈ జిల్లాలో రెండు భిన్నమైన వ్యవస్థల నుంచి వినిపించింది.

2. ఎమ్మిగనూరు: నేతకారుడు సభ్యుడైన క్రమం

ఎమ్మిగనూరు 1938లో మద్రాసు ప్రావిన్సులోని బళ్లారి జిల్లాలో, ఆదోని తాలూకాలో ఉండేది. ఆ తాలూకా 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఇటు వచ్చింది. మద్రాసు సహకార సంఘాల చట్టం 1932లో వచ్చింది. చేనేతకు రాష్ట్రస్థాయి సహకార సంస్థ 1935లో ఏర్పడింది. ఈ నేపథ్యంలో మాచాని సోమప్ప 1938లో ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘాన్ని స్థాపించారు. ఆయన కృషికి గుర్తింపుగా 1954లో, పద్మ పురస్కారాలు మొదలైన ఏడాదే, పద్మశ్రీ లభించింది.

అంతకు ముందు నేతకారుడికి నూలు ఇచ్చేది సావుకారు. బట్ట తీసుకునేదీ సావుకారే. నూలు ధర, బట్ట ధర రెండూ అతడి చేతిలోనే ఉండేవి. నేతకారుడికి మిగిలేది కూలి, దానితోపాటు తీరని బాకీ. నాటి చేనేత సహకార సంఘాల పద్ధతి ఈ సంబంధాన్ని మార్చడానికి ఉద్దేశించినది. సంఘం నూలును టోకున కొని సభ్యులకు ఇస్తుంది. నేసిన బట్టను తీసుకుని కూలి చెల్లిస్తుంది. అమ్మకం బాధ్యత సంఘానిదే. కూలిలో కొంత భాగం సభ్యుడి పొదుపుగా, వాటాగా జమ అవుతుంది.

చేరిక రుసుము విషయంలో ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. మిల్లు బట్ట మీద సుంకం వేసి చేనేతకు నిధి కూర్చేందుకు 1953లో కేంద్రం చట్టం చేసింది. ఆ నిధి నుంచి అమలైన పథకాల్లో, సంఘంలో చేరదలచిన పేద నేతకారుడికి వాటా ధనంలో పెద్ద భాగాన్ని ప్రభుత్వమే అప్పుగా సమకూర్చే ఏర్పాటు ఉంది. చేరేవాడి దగ్గర డబ్బు లేకపోవడం చేరడానికి అడ్డు కాకూడదన్నది దీని వెనుక ఉన్న ఆలోచన. చేరిన తర్వాత అతడు చేయవలసింది తనకు వచ్చిన పనే, అంటే నేయడమే. పక్కింటి నేతకారుణ్ణి చేర్చకపోయినా అతడి కూలి తగ్గదు.

ఈ వ్యవస్థను ఆదర్శంగా మాత్రమే చూడటం చరిత్రకు న్యాయం కాదు. మరమగ్గం పోటీ, అమ్ముడుపోని నిల్వలు, ప్రభుత్వ రిబేటు బకాయిలు, పాలకవర్గాల మీద రాజకీయ పెత్తనం, మగ్గం లేని కాగితపు సభ్యులు – ఇవన్నీ తెలుగు ప్రాంతపు చేనేత సంఘాలు ఎదుర్కొన్న సమస్యలు. నూలు అందని నెలలో సభ్యత్వం పేరుకే మిగిలేది. అయితే నష్టం వచ్చినప్పుడు అది సంఘం పద్దులో కనిపించేది. సభ్యుడు సర్వసభ్య సమావేశంలో అడగగలిగేవాడు. అడగడానికి ఒక చోటు, జవాబు చెప్పడానికి ఒక అధ్యక్షుడు, తనిఖీకి ఒక రిజిస్ట్రారు ఉండేవారు.

3. చీటీ నుంచి నిషేధ చట్టం వరకు

సహకార సంఘానికి వెలుపల కూడా తెలుగు సమాజానికి పరిచితమైన చేరిక ఒకటుంది: చీటీ. ఇరవై మందో, ముప్పై మందో కలిసి నెలనెలా కొంత మొత్తం వేసుకుంటారు. పాట పాడినవారు ఆ నెల మొత్తాన్ని తీసుకుంటారు. చీటీలో సభ్యుల సంఖ్య మొదటి రోజునే తేలిపోతుంది. చివరి సభ్యుడికి కూడా తన వంతు వస్తుంది. ఎత్తినవాడు ఎగవేస్తే లేదా నిర్వాహకుడు పారిపోతే నష్టం రావచ్చు గాని, కొత్తవారు చేరకపోవడం వల్ల చీటీ కూలదు.

1970లలో చీటీ పేరుతోనే వేరే రకం పథకాలు వ్యాపించాయి. లాటరీలో పేరు వచ్చినవారు మిగిలిన వాయిదాలు కట్టనక్కరలేదన్నది వాటి ఆకర్షణ. రిజర్వు బ్యాంకు నియమించిన జేమ్స్ ఎస్. రాజ్ అధ్యయన బృందం ఇలాంటి ప్రైజ్ చిట్లను నిషేధించాలని 1975లో సిఫారసు చేసింది. దాని ఫలితమే 1978 నాటి ప్రైజ్ చిట్లు, ధన పరిభ్రమణ పథకాల నిషేధ చట్టం. సంప్రదాయ చీటీ ఈ నిషేధంలోకి రాలేదు.

ఈ చట్టం ‘ధన పరిభ్రమణ పథకం’ నిర్వచనంలో సభ్యుల చేరికను కేంద్రంగా తీసుకుంది. త్వరగా, సులభంగా డబ్బు సంపాదించడానికి ఉద్దేశించినదై, సభ్యుల చేరికకు సంబంధించిన సంఘటనపై చెల్లింపు ఆధారపడే పథకం దాని పరిధిలోకి వస్తుంది. ఆ డబ్బు ప్రవేశ రుసుము నుంచి వచ్చిందా లేదా అన్నది ముఖ్యం కాదు. సంచయిత కేసులో 1982లో సుప్రీంకోర్టు ఈ నిర్వచనాన్ని వివరిస్తూ, సులభధనం, సభ్యుల చేరిక అనే రెండింటికీ సంబంధం ఉండాలని చెప్పి, ఆ సంస్థపై పెట్టిన కేసును కొట్టివేసింది.

మూడవ సెక్షను మరింత పరిశీలించదగినది. అది పథకాన్ని నడపడాన్ని మాత్రమే నిషేధించలేదు. సభ్యుడిగా చేరడాన్ని, ఏ విధంగానైనా పాల్గొనడాన్ని, డబ్బు ఇచ్చిపుచ్చుకోవడాన్ని కూడా నిషేధించింది. అంటే చట్టం దృష్టిలో నిర్మాత, చివరి సభ్యుడు ఒకే వాక్యంలో ఉన్నారు. మోసపోయానని ఫిర్యాదు చేయదలచిన వ్యక్తి ముందుగా తాను చేరానని ఒప్పుకోవాలి. బాధితుడి నోటికి ఇది మొదటి తాళం.

4. గొలుసుకట్టు విక్రయం: కొత్త సభ్యుడి పని

అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో 1959లో జే వాన్ ఆండెల్, రిచ్ డివోస్ స్థాపించిన ఆమ్వే ఈ విక్రయ పద్ధతికి ప్రపంచవ్యాప్త నమూనా. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1979లో ఆ సంస్థ పద్ధతిని పిరమిడ్ మోసంగా పరిగణించలేదు. మిగిలిన సరుకును తిరిగి కొనే నియమం, కొన్న సరుకులో 70 శాతం అమ్మాలన్న నియమం, నెలకు కనీసం 10 మంది వినియోగదారులకు అమ్మాలన్న నియమం అందుకు ఆధారాలు. అమెరికా విచారణ సరుకు ఎటు పోయిందని అడిగింది. భారతీయ చట్టం మనిషి ఎలా చేరాడని అడిగింది. తర్వాతి వివాదాలకు ఈ రెండు ప్రశ్నల మధ్య ఉన్న ఎడమే మూలం.

ఆమ్వే 1998లో భారతదేశంలో వ్యాపారం మొదలుపెట్టింది. దాని వెంట, దాని పోలికతో, దానికి సంబంధం లేని అనేక పథకాలు కూడా పట్టణాలకు, పెద్ద గ్రామాలకు వచ్చాయి. ఈ వ్యవస్థల్లో కొత్త సభ్యుడికి అప్పగించే మొదటి పని సాధారణంగా తెలిసినవారి పేర్ల జాబితా రాయడం. అన్నదమ్ములు, వియ్యంకులు, కులస్థులు, సహోద్యోగులు ఆ జాబితాలో ముందుంటారు. ఇంట్లో మీటింగు, పట్టణంలో హాలులో సభ, విజయగాథలు, శిక్షణ తరగతులు ఆ తర్వాతివి. పైవాడు ‘అప్‌లైన్’, కిందివాడు ‘డౌన్‌లైన్’. సంభాషణలో మాత్రం వారు అన్నా, మామా, బావా, అక్కా. వ్యాపార సంబంధం వరుసల భాషలో నడుస్తుంది కాబట్టి నిరాకరించడం మర్యాద తప్పినట్టవుతుంది. నష్టాన్ని అడగడం చుట్టరికం తెంచుకున్నట్టవుతుంది. ఇది రెండవ తాళం.

అప్‌లైన్ ఇచ్చే తోడ్పాటు అబద్ధమని చెప్పలేము. కొత్తవారి వెంట ఇంటింటికీ తిరిగేవారు, మాట్లాడటం నేర్పేవారు, ధైర్యం చెప్పేవారు ఉంటారు. కాని ఆ తోడ్పాటు కొత్త సభ్యుడు మరొకరిని తెస్తాడన్న ఆశ ఉన్నంత కాలమే నిలుస్తుంది. ఇక్కడ లెక్క కూడా అడ్డొస్తుంది. ఒకరితో మొదలై ప్రతి ఒక్కరూ ఇద్దరిని చేర్చితే పదహారవ అంచెలో 65,536 మంది చేరాలి. అప్పటికి మొత్తం 1,31,071 మంది అవుతారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఎమ్మిగనూరు పట్టణ జనాభా లక్షలోపే. గొలుసు ఎక్కడ ఆగినా ఆ క్షణంలో సభ్యుల్లో సగానికి పైగా చివరి అంచెలోనే ఉంటారు. వారి కింద ఎవరూ ఉండరు. ఇది నిర్వాహకుడి దురుద్దేశంతో నిమిత్తం లేని, నిర్మాణంలోనే ఉన్న ఫలితం. బయటివారికి నిజంగా సరుకు అమ్మినప్పుడే చివరి అంచెవారికి ఆదాయం ఉంటుంది.

5. హైదరాబాదు తీర్పు, కర్నూలు కేసు

ఆంధ్రప్రదేశ్ పోలీసులు 2006లో ఆమ్వే కార్యకలాపాలపై 1978 చట్టం కింద చర్య తీసుకున్నారు. సంస్థ హైకోర్టును ఆశ్రయించింది. తమది సరుకుల విక్రయమే గాని డబ్బు చలామణీ కాదన్నది దాని వాదన. 2007 జూలైలో ధర్మాసనం ఆ పిటిషన్‌ను కొట్టివేసింది. కింద చేరినవారి సంఖ్యను బట్టి పైవారికి ఆదాయం పెరిగే ఏర్పాటు చట్టంలోని నిర్వచనానికి లోబడుతుందని తేల్చింది. సరుకు ఉన్నంత మాత్రాన చేరిక మీద వచ్చే ఆదాయం స్వభావం మారదన్నది ఈ తీర్పు సారం.

2014 మే చివరి వారంలో, రాష్ట్ర విభజనకు కొద్ది రోజుల ముందు, కర్నూలు పోలీసులు స్థానిక ఫిర్యాదు ఆధారంగా ఆమ్వే ఇండియా ముఖ్య కార్యనిర్వహణాధికారి విలియం పింక్నీని గుర్గావ్‌లో అరెస్టు చేసి కర్నూలు న్యాయస్థానంలో హాజరుపరిచారు. అంతకు ముందు 2013లో కేరళ పోలీసులు కూడా ఆయనను అరెస్టు చేశారు. సంస్థ ఆరోపణలను ఖండించింది. 2022 ఏప్రిల్‌లో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ ఆ సంస్థకు చెందిన 757.77 కోట్ల రూపాయల ఆస్తులను జప్తు చేసినట్టు ప్రకటించింది. దాని దర్యాప్తుకు మూలం హైదరాబాదు పోలీసుల కేసు.

కర్నూలు ఘటన దేశవ్యాప్తంగా చర్చనీయమైంది. ఆ చర్చ ఎక్కువగా పెట్టుబడి వాతావరణం, విదేశీ అధికారి అరెస్టు, చట్ట సవరణ అవసరం చుట్టూ తిరిగింది. చివరి అంచెలోని సభ్యుడి ప్రస్తావన అందులో స్వల్పం.

ఇదే కాలంలో విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ సంస్థ చెల్లింపులు ఆగిపోయాయి. అది డిపాజిట్ల వ్యవహారం, గొలుసుకట్టు విక్రయం కాదు. అయినా అక్కడ కూడా ఊళ్లలో డబ్బు కట్టించినవారు ఆ ఊరి ఏజెంట్లే. డిపాజిటుదారుల చేతిలో బాండు ఉంది కాబట్టి చిన్న మొత్తాలవారికి రాష్ట్ర ప్రభుత్వం 2019లో, 2021లో చెల్లింపులు చేయగలిగింది. గొలుసులో చేరినవాడి చేతిలో మిగిలేది వాడేసిన సరుకు. అతడు పోగొట్టుకున్నది అప్పుగా గాని, డిపాజిటుగా గాని ఏ పద్దులోనూ ఉండదు.

6. 2016–2021: సభ్యుడికి హక్కులు

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2016 సెప్టెంబరులో ప్రత్యక్ష విక్రయ మార్గదర్శకాలను వెలువరించింది. 2019 వినియోగదారుల పరిరక్షణ చట్టం కింద 2021 డిసెంబరు 28న నియమాలు వచ్చాయి. పిరమిడ్ పథకం, ధన పరిభ్రమణ పథకం నడపరాదు. విక్రేతతో ఒప్పందం ఉండాలి. చేరినవారు నిర్ణీత గడువులో జరిమానా లేకుండా తప్పుకునే వీలుండాలి. ఫిర్యాదుల పరిష్కారానికి ఏర్పాటు ఉండాలి. పర్యవేక్షణ యంత్రాంగం రాష్ట్ర ప్రభుత్వాల బాధ్యత.

1978లో నిషేధపు వాక్యంలో కనిపించిన సభ్యుడు 2021లో ఒప్పందంలో ఒక పక్షంగా కనిపించాడు. ఈ మార్పుకు నలభై మూడేళ్లు పట్టింది. కాని పాత చట్టం అమలులోనే ఉంది. చేరిన వ్యక్తి ఇప్పుడు ఒక పత్రంలో హక్కుదారు, మరో పత్రంలో నిందితుడు కాగలవాడు. అతడు ఎవరన్నది, చేరిన పథకం ఏ కోవకు చెందిందన్న నిర్ణయం మీద ఆధారపడుతుంది. ఆ నిర్ణయం వెలువడేది చేరిక తర్వాతే.

7. ముగింపు

ఎమ్మిగనూరు సంఘాన్ని, గొలుసుకట్టు వ్యవస్థను పక్కపక్కన పెట్టి చూడటం వల్ల తేలేది, ఒకటి మంచిది, మరొకటి చెడ్డది అనే తీర్పు కాదు. కొత్త సభ్యుడికి అందే ఆసరా ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నే రెండింటినీ కొలవగల కొలబద్ద. సంఘంలో అది బట్ట అమ్మకం నుంచి, కొంత ప్రభుత్వ నిధి నుంచి వచ్చింది. మార్కెట్టు దెబ్బతిన్నప్పుడు ఆసరా కూడా దెబ్బతిన్నది. గొలుసులో అది తర్వాత చేరే వ్యక్తి నుంచి వచ్చినంత మేరకు, చివరివాడికి అందదు. ఈ ప్రశ్నను చేరిక వేళ అడగగలిగే స్థితి కోడుమూరు సంతకు వచ్చే సామాన్యుడికి కలిగినప్పుడే 2021 నాటి నియమాలకు ప్రయోజనం ఉంటుంది. ‘నేను ఎవరినీ చేర్చకపోతే నాకేమి వస్తుంది?’ అన్న ఆ ఒక్క ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పగల వ్యవస్థలోనే ‘సభ్యుడు’ అనే మాటకు దాని పూర్వపు అర్థం నిలుస్తుంది.