ఒక మెడలో ఐదు ఊళ్ళు: క్యూబా పూసల దండల కథ

ఇవాళ మాట మొదలుపెట్టే ముందు నా చేతిలో ఉన్నది ఒకసారి చూడండి. ఎర్ర పూస, తెల్ల పూస, మళ్ళీ ఎర్ర పూస, తెల్ల పూస. బేగంబజార్‌లో రెండు పొట్లాలు కొనుక్కొచ్చి, నిన్న రాత్రి కూర్చుని గుచ్చాను. దారం కొసకి కొవ్వొత్తి మైనం రాసి మరీ గుచ్చాను, అయినా రెండు గంటలు పట్టింది. మధ్యలో ఒకచోట రెండు ఎర్రవి పక్కపక్కన పడిపోయాయి. చూసుకునేసరికే జానెడు ముందుకెళ్ళిపోయాను. అదంతా ఊడదీసి మళ్ళీ మొదలు.

ఇది చాంగో అనే దేవుడి దండకి నమూనా. ఉరుములకీ పిడుగులకీ దేవుడు ఆయన. క్యూబాలో లక్షలమందికి తెలిసిన పేరు. కానీ ఒక మాట ముందే చెప్పేస్తా. నా చేతిలో ఉన్నది ఆ దండ కాదు. రంగులు అవే, వరస అదే, అయినా కాదు. ఎందుకు కాదో కాసేపట్లో చెప్తాను. దానికంటే ముందు, ఈ పూసలు మనుషుల్ని కొని అమ్మిన వ్యాపారంలోంచి ఒక దేవుడి మెడలోకి ఎలా వచ్చాయో చూద్దాం.

ఆ మతాన్ని బయటివాళ్ళు సాంతెరియా అంటారు. స్పానిష్‌లో సాంతో అంటే పునీతుడు, దాన్నుంచి వచ్చిన పేరు. లోపలివాళ్ళు చాలామంది లుకుమీ అనో, రెగ్లా దె ఒచా అనో అంటారు. వాళ్ళ దేవతల్ని ఒరిచాలు అంటారు. ఒక్కో ఒరిచాకి ఒక రంగు, ఒక అంకె, ఒక పూసల దండ. ఆ దండ పేరు ఎలేకే. ఆఫ్రికాలో యొరుబా భాషలో ఇలెకె అంటే పూస. మాట కూడా సముద్రం దాటి వచ్చిందన్నమాట.

యొరుబా మాట్లాడేవాళ్ళు ఇప్పటి నైజీరియా నైరుతి భాగంలో, పక్కనున్న బెనిన్ దేశంలో ఉంటారు. అయితే 1800 ప్రాంతంలో వాళ్ళు "మేమంతా యొరుబావాళ్ళం" అనుకునేవాళ్ళు కాదు. ఒయో వాళ్ళు, ఎగ్బా వాళ్ళు, ఇజెబు వాళ్ళు, ఇజేషా వాళ్ళు, ఇలా ఎవరి రాజ్యం వాళ్ళది. దేవతలు కూడా ఊరిని బట్టి, ఇంటిని బట్టి ఉండేవాళ్ళు. మన గ్రామదేవతల్ని తలుచుకోండి, తేలిగ్గా అర్థమవుతుంది. షాంగో ఒయో రాజుల దేవుడు. ఒషున్ ఒక నది, ఆమె ఊరు ఒషోగ్బో. యెమోజా ఒగున్ నది తల్లి. తెల్లబట్టల ఒబతాలాకి ఇఫే పట్టణంతో సంబంధం. ఒషున్ ఇంటివాళ్ళకి షాంగో పూసలతో పని ఉండాల్సిన అవసరమే లేదు.

తరవాత ఒయో సామ్రాజ్యం కూలింది. లోపల తిరుగుబాట్లు, ఇలోరిన్ వైపు నుంచి యుద్ధాలు. 1830ల్లో పాత రాజధానిని వదిలేసి జనం దక్షిణానికి వెళ్ళిపోయారు. ఆ యుద్ధాల్లో పట్టుబడ్డవాళ్ళని తీరానికి నడిపించి లాగోస్, విదా లాంటి రేవుల్లో అమ్మేశారు.

సరిగ్గా అదే కాలంలో క్యూబాకి మనుషులు కావాలి. 1791లో హైతీలో బానిసలు తిరగబడ్డారు, అక్కడి చక్కెర వ్యాపారం కుప్పకూలింది. ఆ ఖాళీలోకి క్యూబా తోటల యజమానులు దూరారు. 1817లో స్పెయిన్ బ్రిటన్‌తో ఒప్పందం చేసుకుంది, 1820 నుంచి బానిసల రవాణా నిషేధం. కాగితం మీద మాత్రమే. దొంగతనంగా ఓడలు 1860ల దాకా వస్తూనే ఉన్నాయి. అంటే క్యూబాకి వచ్చిన యొరుబావాళ్ళలో ఎక్కువమంది చట్టప్రకారం రాకూడని ఓడల్లో వచ్చినవాళ్ళే. క్యూబాలో బానిసత్వం పూర్తిగా పోయింది 1886లో. మన తాతల తాతల కాలం, అంతే.

ఇప్పుడు పూసల దగ్గరికి వద్దాం. ఆఫ్రికా తీరంలో మనుషుల్ని దేనితో కొన్నారు? బట్టలు, తుపాకులు, సారా, ఇనుము, గవ్వలు, గాజు పూసలు. పూసలు వెనిస్ నుంచీ, బొహీమియా నుంచీ పెట్టెలకొద్దీ వచ్చేవి. గవ్వలు మాల్దీవులవి. ఆ తీరంలో అవి డబ్బులాగే చెల్లేవి. ఇక బట్టల్లో పెద్ద వాటా మన దేశానిదే. కోరమండల్ తీరంలో నేసిన నూలు గుడ్డకి యూరప్ వ్యాపారులు పెట్టుకున్న పేరే గినీ గుడ్డ. గినీ అంటే పశ్చిమ ఆఫ్రికా తీరం. మన తీరం నేతగాడికి ఆ గుడ్డ చివరికి దేనికి మారకమవుతుందో తెలిసే దారి లేదు. చదివినప్పుడు నాకు మాత్రం కాసేపు ఏమీ తోచలేదు.

అలాగని గాజు పూస అంటే తెల్లవాళ్ళు చూపించిన కొత్త వింత అనుకోకండి. ఇఫేలో ఇగ్బో ఒలొకున్ అనే చోట తవ్వితే 12 వేలకు పైగా గాజు పూసలు దొరికాయి. సుమారు 11 నుంచి 15వ శతాబ్దం మధ్యలో, అక్కడి ముడిసరుకుతో, అక్కడివాళ్ళే గాజు కాచి చేసుకున్నారు. యూరప్ ఓడలు ఆ తీరానికి రాకముందే మొదలైన పని అది. యొరుబా రాజు కిరీటానికి ముఖం మీద పూసల తెర వేలాడుతుంది. పూస అంటే అక్కడ హోదా, దైవం. ఓడలవాళ్ళు అది గమనించి సరుకుగా మార్చుకున్నారు.

ఇంకొక దండ గురించి చెప్పాలి. అది క్యూబాది కాదు, ఇంగ్లీషువాళ్ళ చేతిలో ఉన్న బార్బడోస్ దీవిది. అక్కడ న్యూటన్ అనే చక్కెర తోటలో బానిసల శ్మశానాన్ని 1970ల్లో తవ్వారు. 1600ల చివర్లోనో 1700ల మొదట్లోనో పాతిపెట్టిన ఒక పెద్దాయన మెడలో దండ దొరికింది. కుక్క కోరలు, గవ్వలు, చేప వెన్నుపూసలు, గాజు పూసలు, వాటితోపాటు పొడవాటి ఎర్రటి కార్నీలియన్ రాయి ఒకటి. ఆ రాయి గుజరాత్ ఖంబాత్ వైపుదని పరిశోధకుల అంచనా. ఒంటి మీద బట్టకి కూడా యజమాని మీద ఆధారపడ్డ మనిషికి ఇవన్నీ ఒకచోట చేరాయి. ఆయన మంత్రవైద్యుడో, సోది చెప్పేవాడో అయి ఉంటాడంటారు. నన్నడిగితే ఆ దండ ఆయన ఒక్కడి కష్టం కాదు. చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కోటి తెచ్చి ఇచ్చి ఉంటారు.

క్యూబాలో జరిగింది దీనికంటే పెద్దది. హవానా, మతాన్సాస్ లాంటి ఊళ్ళల్లో కబిల్దోలు అని సంఘాలు ఉండేవి. ఒక జాతివాళ్ళు కూడి డప్పులు కొట్టుకోవడం, డబ్బు పోగేసి ఒకరి విడుదల కొనడం, చనిపోతే సాగనంపడం అక్కడే. ఒయో మనిషి, ఎగ్బా మనిషి, ఇజేషా మనిషి ఒకే గదిలో పడ్డారు. బయటివాళ్ళు అందరికీ కలిపి లుకుమీ అని ఒకే పేరు పెట్టారు. ఒక్కో దేవతకీ విడిగా గుడి, విడిగా పూజారి కుటుంబం ఇక్కడెక్కడ కుదురుతుంది? అందుకని దేవతలంతా ఒకే ఇంట్లోకి వచ్చేశారు. భక్తుల మెడ మీదకీ కలిసే వచ్చారు.

ఇప్పుడు క్యూబాలో దండలు తీసుకోవడం అంటే చాలా ఇళ్ళల్లో ఒకేసారి ఐదు తీసుకోవడం. దారులు తెరిచే ఎలెగ్వాకి ఎరుపు నలుపు. ఒబతలాకి తెలుపు. యెమయాకి నీలం, తెల్లగాజు. చాంగోకి ఎరుపు తెలుపు. ఒచున్‌కి పసుపు, తేనె రంగు. ఆఫ్రికాలో ఒక్కో దేవత పూసలు విడివిడిగా ఉండేవి. ఐదూ కలిపి ఒకే మనిషికి వేయడం మాత్రం క్యూబాలో పుట్టిన పద్ధతి. చూడ్డానికి అనాది ఆచారంలా ఉంటుంది, నిజానికి వలసలో కట్టుకున్న ఇల్లు.

యెమయా సంగతి ఇంకా చిత్రం. ఆఫ్రికాలో ఆమె నది తల్లి. క్యూబాకి వచ్చేసరికి సముద్రమైపోయింది. హవానా రేవుకి అవతల రెగ్లా అనే చిన్న ఊళ్ళో నీళ్ళ ఒడ్డున చర్చి ఉంది. అక్కడి మేరీమాత విగ్రహం నల్లటిది. ఆమెలో వీళ్ళు యెమయాని చూసుకున్నారు. దేవుళ్ళని క్రైస్తవ విగ్రహాల వెనక దాచుకుని యజమానుల్ని మోసం చేశారు అని చాలా వీడియోల్లో చెప్తుంటారు. నాకు అది సగమే నిజం అనిపిస్తుంది. భయమూ ఉంది, కానీ ఇష్టంతో కలుపుకున్నదీ ఉంది. సెప్టెంబర్ 7న ఇప్పటికీ నీలం బట్టలు కట్టుకుని ఆ చర్చికి వెళ్ళేవాళ్ళని చూస్తే దాచుకోవడం అనే మాట సరిపోదు.

సరే, నా దండ ఎందుకు దండ కాదో చెప్తానన్నాను కదా.

గుచ్చడంలో ముందు అంకె చూస్తారు. యెమయాకి ఏడు, ఒచున్‌కి ఐదు, చాంగోకి ఆరు, ఒబతలాకి ఎనిమిది, ఎలెగ్వాకి మూడు. ఒక్కో ఒరిచాకి మళ్ళీ దారులని రకరకాల రూపాలు ఉంటాయి. ఏ రూపమో దాన్నిబట్టి రంగుల వరస మారుతుంది, మధ్యలో వేరే రంగు పూస పడుతుంది. ఇంటింటికీ తేడా ఉంటుంది. తెలిసినవాళ్ళు దండ చూసి ఆ మనిషి ఏ ఇంటివాడో కొంతవరకు పట్టేస్తారు. దారం నూలుదే ఉండాలని పాతవాళ్ళ పట్టు, నైలాన్ అయితే తెగదని కొత్తవాళ్ళ మాట. ఈ వాదన అక్కడ ఇంకా తెగలేదు.

గుచ్చడం అయ్యాక అది ఇంకా ఒట్టి పూసలే. ఆ ఒరిచాకి చెందిన పచ్చి ఆకుల్ని చేత్తో చిదుముతూ, పాటలు పాడుతూ ఒక నీళ్ళు తయారు చేస్తారు. ఒమియెరో అంటారు. దండల్ని ఆ నీళ్ళతో కడగాలి. దండ వేయించుకునే మనిషి కూడా ఆ నీళ్ళతో స్నానం చేసి తెల్లబట్టలు కట్టుకోవాలి. అప్పుడు మాద్రినా, అంటే గురుతల్లి, తన చేత్తో మెడలో వేస్తుంది. మగవాళ్ళయితే పద్రినో. అక్కడి నుంచి ఆ మనిషి ఆ ఇంటి బిడ్డ. అంటే దండ కట్టేది దేవుడికీ మనిషికీ మధ్య మాత్రమే కాదు, మనిషికీ మనిషికీ మధ్య కూడా. అమ్మానాన్నల నుంచి విడదీసి అమ్మేసిన చోట ఇలా కొత్త అమ్మ, కొత్త ఇల్లు వచ్చాయి. ఆన్‌లైన్‌లో కొన్న దండకి, నా బేగంబజార్ దండకి లేనిది అదే.

దీక్ష పూర్తిగా తీసుకునేవాళ్ళకి మాసో అని ఇంకా పెద్దది ఉంటుంది. అనేక పేటలు, బరువుగా, భుజం మీద నుంచి అడ్డంగా వేలాడుతుంది. ఆ తరవాత ఏడాదిపాటు ఒంటి మీద తెల్లబట్టలే.

ఈ దండ మెడలో కనబడితే చాలు ప్రమాదం అన్న రోజులు కూడా ఉన్నాయి. 1902లో క్యూబా గణతంత్రం అయింది. 1904లో ఒక చిన్నపాప హత్య జరిగితే, మంత్రగాళ్ళే చేశారని పత్రికలు ఊదరగొట్టాయి. 1906లో ఇద్దరు నల్లజాతివాళ్ళకి మరణశిక్ష వేశారు. ఆ తరవాత ఇళ్ళ మీద దాడులు మామూలైపోయాయి. డప్పులు, దండలు, పూజ సామాన్లు నేరానికి సాక్ష్యంగా ఎత్తుకెళ్ళారు. కొన్ని మ్యూజియంకి చేరాయి. అదే 1906లో ఫెర్నాందో ఒర్తీస్ ఈ ఆచారాల్ని నేరంగా చూస్తూ పుస్తకం రాశాడు. తరవాత అదే మనిషి అభిప్రాయం మార్చుకుని జీవితమంతా ఆఫ్రో-క్యూబన్ సంస్కృతిని గౌరవంగా రాస్తూ గడిపాడు. విప్లవం వచ్చాక ఇంకో రకం ఇబ్బంది: నమ్మకం ఉన్నవాళ్ళకి పార్టీ సభ్యత్వం లేదు. 1991లో ఆ నిబంధన తీసేశారు. అప్పటిదాకా చాలామంది దండని చొక్కా లోపలే ఉంచుకున్నారు.

స్నానానికి ముందు, పడుకునే ముందు, దాంపత్యానికి ముందు దండ తీసేయాలి. తెగితే మన ఇళ్ళల్లో నల్లపూసలు తెగినప్పటి కంగారే. ఏదో కీడుని తన మీదకి తీసుకుని తెగిందంటారు. దొరికినన్ని పూసలు ఏరుకుని గురుతల్లి దగ్గరికి పరుగెడతారు. ఆమె మళ్ళీ గుచ్చి, మళ్ళీ కడిగి, మళ్ళీ వేస్తుంది.

దీక్ష తీసుకున్న మనిషి చనిపోతే ఇతూతు అని ఒక కార్యం చేస్తారు. గవ్వలు వేసి ఒక్కో ఒరిచానీ అడుగుతారు, ఇంట్లో ఎవరి దగ్గరైనా ఉంటావా, పోయిన మనిషితో వెళ్ళిపోతావా అని. గవ్వ నోరు పైకి పడిందా కిందికి పడిందా అన్నదే జవాబు. ఒకప్పుడు ఆ తీరంలో మనుషులకి వెల కట్టింది ఆ గవ్వలతోనే. ఇప్పుడు వాటిని దేవతల నోరు అంటారు.

ఆ గవ్వల కథ వచ్చే ఎపిసోడ్‌లో. మాల్దీవుల నుంచి మొదలుపెడదాం. ఉంటానండి.