డేవిస్ ఊరికి సైకిల్ దారి ఎలా వచ్చింది

ఈసారి కొంచెం పెద్ద వ్యాసం. చరిత్ర కాబట్టి సంవత్సరాలు, పేర్లు ఎక్కువ వస్తాయి. ఓపిక పట్టండి.

ముందు ఒక మాట సంగతి. ఇండియాలో బైక్ అంటే మోటార్ సైకిల్. అమెరికాలో బైక్ అంటే కాళ్ళతో తొక్కేది. ఈ గొడవ లేకుండా నేను సైకిల్ అనే రాస్తాను. తెలుగులో నాకు నచ్చిన ఇంకో సంగతి కూడా ఉంది. కారుని నడుపుతాం, సైకిల్‌ని తొక్కుతాం. నడపడం అంటే నడిచేలా చేయడం. అక్కడ కష్టం ఇంజనుది, పేరు మనది. తొక్కడంలో ఆ అబద్ధం లేదు.

సైకిల్ అనగానే అందరికీ నెదర్లాండ్స్ గుర్తొస్తుంది. అక్కడ మనుషుల కంటే సైకిళ్ళు ఎక్కువ. బడికి, బజారుకి, ఆఫీసుకి, అన్నిటికీ మామూలు బట్టల్లోనే తొక్కుకుంటూ పోతారు. మార్క్ రుట్టే ప్రధానమంత్రిగా ఉన్నప్పుడు కూడా సైకిల్ మీద ఆఫీసుకి వెళ్ళేవాడు. వాళ్ళ సైకిళ్ళకు గొలుసు మీద మూత ఉంటుంది, కోటు అంచు చక్రంలో పడకుండా వెనక అడ్డు ఉంటుంది. మన లేడీస్ సైకిల్‌కి చీర కొంగు చిక్కుకోకుండా వల కట్టేవాళ్ళు చూడండి, సరిగ్గా అలాంటిదే.

"వాళ్ళది చిన్న దేశం, చదును నేల, వాళ్ళ రక్తంలోనే సైకిల్ ఉంది, అమెరికాలో అది కుదరదు" అని మనవాళ్ళు అంటుంటే చాలాసార్లు విన్నాను. నేను శాక్రమెంటో దగ్గర ఉంటాను. ఇక్కడి నుంచి పడమరగా 15 మైళ్ళలో డేవిస్ అనే యూనివర్సిటీ ఊరు ఉంది. ఆ మాట ఎంతవరకు నిజమో తెలుసుకోవడానికి ఆ ఊరి కథ చాలు.

దానికి ముందు పాత కథ కొంచెం. అమెరికాలో సైకిల్ కొత్త వస్తువు కాదు. 1880లోనే లీగ్ ఆఫ్ అమెరికన్ వీల్‌మెన్ అని సైకిల్ తొక్కేవాళ్ళ సంఘం పుట్టింది. అప్పట్లో రోడ్లన్నీ బురద. మాకు మంచి రోడ్లు కావాలని ప్రభుత్వం వెంట పడినవాళ్ళలో సైకిల్ వాళ్ళు ముందున్నారు, కార్ల వాళ్ళు తర్వాత వచ్చారు. 1894లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఓషన్ పార్క్‌వే పక్కన సైకిళ్ళకు ప్రత్యేకంగా దారి వేశారు. 1900 జనవరి 1న కాలిఫోర్నియాలో పాసడీనా దగ్గర చెక్కతో వంతెనలాంటి సైకిల్ దారి ఒకటి తెరిచారు. డబ్బు కట్టి ఎక్కాలి. లాస్ ఏంజలిస్ దాకా వేయాలనుకున్నారు కానీ సగంలోనే ఆగిపోయింది. ఆ మార్గంలో కొంత భాగం మీదుగా తర్వాత కార్ల ఫ్రీవే వచ్చింది. పెళ్ళికొడుకు కోసం వేసిన పందిట్లో ఇంకెవరో పెళ్ళి చేసుకున్నట్టు అయింది.

ఆ తర్వాత యాభై ఏళ్ళు అమెరికాలో సైకిల్ పిల్లల బొమ్మగా మారిపోయింది. పదహారేళ్ళు రాగానే పక్కన పడేసేది.

ఇప్పుడు డేవిస్. 1959లో అక్కడి వ్యవసాయ కాలేజీని కాలిఫోర్నియా యూనివర్సిటీ పూర్తి క్యాంపస్‌గా మార్చింది. ఎమిల్ మ్రాక్ ఛాన్సలర్ అయ్యాడు. విద్యార్థులు వేలల్లో వస్తారని ఆయనకు తెలుసు. అందరూ కార్లతో వస్తే క్యాంపస్ అంతా పార్కింగ్ అయిపోతుంది. అందుకని చెట్ల నీడలో సైకిళ్ళు తిరిగేలా క్యాంపస్‌కి ప్లాన్ గీయమని చెప్పాడు. కొత్తగా చేరే విద్యార్థులను సైకిల్ తెచ్చుకోమని ప్రోత్సహించాడు. క్యాంపస్ మధ్య భాగంలోకి కార్లు రాకుండా మూసేశారు. 1960లో ఊరి జనాభా దాదాపు 9 వేలు. 1970కి 23 వేలు దాటింది. క్యాంపస్ లోపల బాగానే ఉంది, కానీ గేటు దాటి ఊళ్ళోకి రాగానే అదే రోడ్డు మీద సైకిళ్ళు, కార్లు ఒకదానికొకటి అడ్డం.

ఇక్కడ ఒక కుటుంబం వస్తుంది. ఫ్రాంక్ చైల్డ్ అక్కడ ఎకనామిక్స్ ప్రొఫెసర్. 1960ల మొదట్లో భార్య ఈవ్, పిల్లలతో కలిసి నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో కొన్నాళ్ళు ఉన్నాడు. అక్కడ కుటుంబం అంతా సైకిళ్ళ మీద తిరిగింది. తిరిగి వచ్చాక ఊరి పత్రిక డేవిస్ ఎంటర్‌ప్రైజ్‌కి ఉత్తరం రాశాడు. మన ఊళ్ళో కూడా రోడ్డు మీద సైకిళ్ళకు వేరే చోటు ఉండాలి అన్నది దాని సారం. దాంతో ఇరుగుపొరుగువాళ్ళు కొందరు కలిశారు, చిన్న కమిటీ అయింది, సంతకాలు సేకరించారు. సిటీ కౌన్సిల్ ఒప్పుకోలేదు.

అక్కడితో ఆగిపోయి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు. వాళ్ళు దాన్ని ఎన్నికల విషయం చేశారు. 1966 కౌన్సిల్ ఎన్నికల్లో సైకిల్ దారులకు అనుకూలంగా ఉన్న మేనార్డ్ స్కిన్నర్, నార్మ్ వుడ్‌బరీ గెలిచారు. నాకు ఈ కథలో అన్నిటికంటే ముఖ్యం ఇదే. డచ్చి రక్తం కాదు, చదును నేల కాదు, ఓట్లు. (చదును నేల సాయం చేసింది, కాదనను. డేవిస్ పళ్ళెంలా ఉంటుంది. కానీ శాక్రమెంటో కూడా అంతే చదును, అక్కడ ఇలా జరగలేదు.)

గెలిచాక ఇంకో అడ్డంకి. రోడ్డు మీద ఒక పట్టీ గీసి, ఇది సైకిళ్ళకే అని చెప్పే అధికారం రాష్ట్ర చట్టం ప్రకారం ఊరికి లేదు. కాబట్టి రాష్ట్ర చట్టాన్నే మార్పించాల్సి వచ్చింది. 1967లో అది అయింది. అప్పుడు గవర్నర్ రోనాల్డ్ రీగన్. అదే ఏడాది డేవిస్ వీధుల మీద సైకిల్ పట్టీలు వచ్చాయి. అమెరికా వీధుల్లో అధికారికంగా గీసిన మొదటి సైకిల్ లేన్లు ఇవే అంటారు.

ఎలా గీయాలో అప్పుడు ఈ దేశంలో ఎవరికీ తెలియదు. పుస్తకం లేదు, కొలతలు లేవు. అందుకని మూడు రకాలు వేసి చూశారు. ఒకటి, పార్క్ చేసిన కార్లకు, నడిచే కార్లకు మధ్యలో పట్టీ. రెండోది, పార్క్ చేసిన కార్లకు, ఫుట్‌పాత్ అంచుకు మధ్యలో. మూడోది, రోడ్డుకు పూర్తిగా దూరంగా వేరే బాట. యూనివర్సిటీలో సైకాలజీ ప్రొఫెసర్ రాబర్ట్ సోమర్, జంతువుల ప్రవర్తన చదివే డేల్ లాట్ కూడా ఇందులో ఉన్నారు. జనం ఎలా తొక్కుతున్నారు, ఎక్కడ భయపడుతున్నారు అని పరిశీలించారు. లాట్ అడవిదున్నల మీద పని చేసిన మనిషి. మందలో ఎవరు ఎవరికి దారి ఇస్తారో చూడటం ఆయన విద్య, రోడ్డు మీద కూడా పనికొచ్చింది!

రెండో రకం చూడటానికి భద్రంగా ఉంటుంది. కానీ నాలుగు రోడ్ల కూడలి దగ్గర కారు తిరిగేటప్పుడు, ఆగి ఉన్న కార్ల వెనక నుంచి వచ్చే సైకిల్ డ్రైవర్‌కి కనపడదు. అందుకని దాన్ని వదిలేసి మొదటి రకం ఉంచారు. డచ్చివాళ్ళు అదే రెండో రకాన్ని వదలలేదు, కూడలినే మార్చారు. మలుపు దగ్గర దారిని కొంచెం పక్కకు జరిపి, సైకిల్ కారు డ్రైవర్ కళ్ళ ముందుకు వచ్చేలా చేశారు. ఇప్పుడు అమెరికా ఇంజనీర్లు అదే నేర్చుకుంటున్నారు. డేవిస్ కొలతలు మాత్రం తర్వాత కాలిఫోర్నియా నియమాల్లోకి వెళ్ళాయి.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. చైల్డ్ కుటుంబం హేగ్‌లో ఉన్న రోజుల్లో డచ్చివాళ్ళే సైకిల్‌ని వదిలేస్తున్నారు. జీతాలు పెరిగాయి, కార్లు కొన్నారు, నగరాల్లో రోడ్లు వెడల్పు చేశారు. 1971లో అక్కడ రోడ్ల మీద 3 వేల మందికి పైగా చనిపోయారు, వాళ్ళలో 400 మందికి పైగా పిల్లలు. కూతుర్ని రోడ్డు ప్రమాదంలో పోగొట్టుకున్న విక్ లాంగెన్‌హాఫ్ అనే విలేఖరి 1972లో "పిల్లల హత్య ఆపండి" అనే శీర్షికతో వ్యాసం రాశాడు. అదే పేరుతో ఉద్యమం పుట్టింది. తల్లిదండ్రులు రోడ్ల మీదకు వచ్చారు. 1973లో పెట్రోలు సంక్షోభం వచ్చి ఆదివారాలు కార్లు బంద్ చేశారు. అప్పుడు తిరిగింది వాళ్ళ ప్రభుత్వం. అంటే డేవిస్ పట్టీలు గీసిన రోజుకి ఆ ఉద్యమం ఇంకా పుట్టలేదు. కొన్నేళ్ళు శిష్యుడు గురువు కంటే ముందున్నాడు.

మరి తర్వాత ఏమైంది? అసలు తేడా బస్సులో, రైల్లో ఉంది.

బస్సు కథ సరదాగా ఉంటుంది. 1968లో డేవిస్ విద్యార్థి సంఘం లండన్ నుంచి రెండు పాత డబుల్ డెక్కర్ బస్సులు కొని యూనిట్రాన్స్ అని నడపడం మొదలుపెట్టింది. డ్రైవర్లు విద్యార్థులే. 1972లో ఊరివాళ్ళందరినీ ఎక్కనిచ్చారు. హైదరాబాద్‌లో డబుల్ డెక్కర్ ఎక్కిన నా వయసు వాళ్ళకు చెప్పక్కర్లేదు, పై అంతస్తులో ముందు సీటు కోసం ఎన్ని తోపులాటలో. ఇప్పుడు విద్యార్థుల ఫీజులోనే బస్సు చార్జీ కలిసి ఉంటుంది.

సైకిల్ ఒక్కటే ఉంటే చాలదు. నేను ఎందుకు ఇంత పట్టుదలగా రాస్తున్నానంటే, గుడిలో వాలంటీర్‌ని కాబట్టి. పండగ రోజున మాకు వంట కంటే పార్కింగ్ పెద్ద పని. మామూలు రోజుల్లో ఫోన్లు వస్తాయి. "అమ్మా, గుడికి రావాలని ఉంది, పిల్లలు ఆఫీసుకి పోయారు, ఎలా రావాలి?" అని అడుగుతారు. ఇండియా నుంచి ఆరు నెలలకు వచ్చిన తల్లిదండ్రులు. ఊళ్ళో బజారు, బ్యాంకు, పెళ్ళిళ్ళు అన్నీ ఒంటరిగా తిరిగినవాళ్ళు. ఇక్కడ మూడు కార్ల గరాజు ఉన్న ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుంటారు. వాళ్ళను సైకిల్ తొక్కమని నేను చెప్పను. నడిచే దూరంలో బస్సు, బస్సు దిగితే రైలు ఉంటే చాలు. నాకూ అరవై దాటాయి. కారు తాళాలు పిల్లలకు ఇచ్చేసే రోజు నాకూ వస్తుంది.

డచ్చివాళ్ళు కలిపింది ఇదే. వాళ్ళ రైలు ప్రయాణికుల్లో నూటికి దాదాపు నలభై మంది స్టేషన్‌కి సైకిల్ మీద వస్తారు. యూట్రెక్ట్ స్టేషన్ కింద 12,500 సైకిళ్ళు పెట్టే చోటు 2019లో పూర్తయింది. రైలు దిగిన చోట అదే కార్డుతో అద్దె సైకిల్ తీసుకోవచ్చు. మా చిన్నప్పుడు వీధి చివర సైకిల్ షాపులో గంట లెక్కన అద్దెకు ఇచ్చేవాళ్ళు. గంట దాటితే షాపు అతను పలకరింపు వేరే రకంగా ఉండేది. అదే షాపు, కానీ దేశమంతా, చాలా స్టేషన్లలో, అనుకోండి.

డేవిస్‌కి ఇలా బయటికి కలిపే దారి ఆలస్యంగా వచ్చింది. ఊరు బాగుంది, ఊరి చుట్టూ ఫ్రీవే. ఇళ్ళ ధరలు పెరిగి చాలామంది దూరంలో ఇల్లు, ఇక్కడ ఉద్యోగం, లేకపోతే ఇక్కడ ఇల్లు, దూరంలో ఉద్యోగం అయ్యారు. బస్సు సులువు కావడంతో సైకిల్ వదిలిన విద్యార్థులూ ఉన్నారు. కౌన్సిల్‌లో పాత ఉత్సాహం కూడా తగ్గింది. 1980 జనాభా లెక్కల్లో డేవిస్‌లో ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళలో నూటికి 28 మంది సైకిల్ మీద వెళ్ళేవాళ్ళు. 2000 నాటికి 14 మంది. సరిగ్గా సగం. అయినా దేశం సగటు నూటికి ఒకరు కూడా లేదు కాబట్టి, 2005లో సైకిల్ ఊళ్ళకు ఇచ్చే ప్లాటినం గుర్తింపు దేశంలో మొట్టమొదట డేవిస్‌కే వచ్చింది. తొక్కేవాళ్ళు సగమయ్యాక బహుమతి వచ్చిందన్నమాట.

మన దగ్గర కూడా ఈ తేడా కనిపిస్తుంది. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో తెరిచారు, పైన సోలార్ పలకల కప్పు కూడా ఉంది. అందంగా ఉంటుంది. కానీ కూరగాయలకు వెళ్ళేవాళ్ళు అటు వెళ్ళరు. చాలామంది అక్కడ వ్యాయామం కోసమే తొక్కుతారు.

డేవిస్ రైలు స్టేషన్ 1913లో కట్టింది, ఇప్పటికీ అదే భవనం. 1991 డిసెంబరులో క్యాపిటల్ కారిడార్ రైళ్ళు మొదలయ్యాయి. శాక్రమెంటో నుంచి డేవిస్ మీదుగా శాన్ హోసే వైపు పోతాయి. మధ్యలో రిచ్‌మండ్‌లో దిగి శాన్ ఫ్రాన్సిస్కో వెళ్ళే బార్ట్ రైలు ఎక్కవచ్చు. ఈ రైళ్ళలో సైకిల్ ఎక్కించుకోనిస్తారు, పెట్టెలో దానికి చోటు ఉంటుంది. ఎందుకు ఎక్కించుకుంటారంటే, దిగిన చోట ఇంకో సైకిల్ దొరుకుతుందన్న నమ్మకం లేదు. 2018లో జంప్ అనే కంపెనీ శాక్రమెంటోలో, డేవిస్‌లో అద్దెకు ఎర్రటి ఎలక్ట్రిక్ సైకిళ్ళు పెట్టింది. జనం బాగానే తొక్కారు. 2020లో కోవిడ్ రాగానే అవి వీధుల నుంచి మాయమయ్యాయి.