వరిమడిలో మాయమగు యూరియా

యూరియా బస్తా విప్పి చేనంతట చల్లుట మన పల్లెలలో అందరెరిగిన పని. అట్లు చల్లిన దానిలో వరిపైరుకు చేరు నత్రజని తరచు సగము కంటె తక్కువయే. మిగిలినది ఏమగుచున్నది? ఈ ప్రశ్నకు సమాధానము దొరకుటకు చాలకాలము పట్టినది.

1909లో జర్మనీలో హేబరు తన ప్రయోగశాలయందు గాలిలోని నత్రజని నుండి అమ్మోనియాను సాధించెను. బాష్ దానిని కర్మాగారమునకెక్కించగా 1913లో ఓపావులో ఉత్పత్తి మొదలయ్యెను. మన దేశమున సింద్రీ కర్మాగారము 1951లో అమ్మోనియం సల్ఫేటును తయారుచేయ నారంభించెను. గాలినుండి ఎరువు తీయుట సాధ్యమైనది గాని, అది తిరిగి గాలిలో కలియకుండ ఆపుటయే కష్టమైనది.

ఆ చిక్కుముడి విప్పిన వారిలో ముఖ్యుడు జపాను శాస్త్రజ్ఞుడు షియోయిరి. 1940వ దశకపు తొలి యేండ్లలో ఆయన పరిశోధనలు వెలువడినవి. నీరు నిలిచిన మడిలో మట్టి అంతయు ఒకే తీరున ఉండదు. నీటికి తగిలియుండు పైపొర కొన్ని మిల్లీమీటర్ల మందము మాత్రమే. అందు ప్రాణవాయువు కలదు. దాని క్రింద ప్రాణవాయువు లేని బురద. పైపొరలో పడిన అమ్మోనియాను సూక్ష్మజీవులు నైట్రేటుగా మార్చును. నైట్రేటును మట్టి పట్టియుంచలేదు. అది నీటితో దిగువకు జారి, అచ్చటి వేరొక జాతి సూక్ష్మజీవుల పాలబడి, నత్రజని వాయువై వెడలిపోవును. యూరియాకు మరియొక దారియు కలదు: మడినీటిలో కరగి, అమ్మోనియాగా మారి, నేరుగ గాలిలో కలియుట. ఎరువును మొదటనే లోతున పెట్టినచో ఈ రెండు నష్టములును తగ్గును.

ఈ సూత్రమునే బంగ్లాదేశములో ఆచరణలో పెట్టిరి. యూరియాను గుళికలుగా నొత్తి, నాలుగు కుదుళ్ళ నడుమ ఒక్కొక్కటి చొప్పున 7 నుండి 10 సెంటీమీటర్ల లోతున బురదలోనికి నొక్కిరి. అచ్చట దీనిని గుటి యూరియా యందురు. ఎరువు ఇంచుమించు మూడవవంతు ఆదా అయినది. కాని కుదుళ్ళ ఎడము 20 సెంటీమీటర్లైనచో ఎకరమునకు 25 వేల గుళికలు కావలెను. అన్నింటిని నడుము వంచియే నాటవలెను. నడుము నొప్పిని ఏ పరిశోధనాలయమును లెక్కకట్టదు గదా! ఈ విద్య మన డెల్టాలలో వ్యాపింపకుండుటకు రైతు సోమరితనము కారణమనుట అన్యాయమని మా అభిప్రాయము.

మనకు కలిసివచ్చినది వేపచెట్టు. వేపగింజలోని చేదు పదార్థములు నైట్రేటు తయారుచేయు సూక్ష్మజీవులను మందగింపజేయునని 1970వ దశకమున ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థలో జరిగిన ప్రయోగములు చూపినవి. 2015లో కేంద్ర ప్రభుత్వము దేశములో తయారగు యూరియాకంతకు వేపనూనె పూత తప్పనిసరి చేసెను. 2018లో 50 కిలోల బస్తాను 45 కిలోలకు తగ్గించిరి. ఎకరమునకు ఇన్ని బస్తాలను రైతు లెక్కను మార్పలేక, బస్తానే మార్చిరన్నమాట. 2021లో సీసాలలో వచ్చిన నానో యూరియాపై శాస్త్రజ్ఞుల వాదములింకను తీరలేదు.

ఖర్చులేని ఉపాయమొకటి మన వ్యవసాయ శాస్త్రజ్ఞులు చాలకాలముగా చెప్పుచున్నారు. నిండు నీటిలో యూరియా చల్లరాదు. మడిలోని నీరు తీసి, బురదపదునులో చల్లి, 36 నుండి 48 గంటల తరువాత పలుచగా నీరు పెట్టవలెను.