కృత్రిమ మేధ – క్రైస్తవ దృక్పథం: గండికోట సీమ చరిత్ర

కృత్రిమ మేధ విషయంలో క్రైస్తవ చింతన ముందుగా అడిగేది యంత్రానికి ఎంత తెలివి వచ్చిందని కాదు, ఆ తెలివి చేసిన పనికి జవాబుదారీ ఎవరని. దీనికి బైబిలులో రెండు ఆధారాలు చూపుతారు. ఆదికాండము మొదటి అధ్యాయం ప్రకారం మనిషి దేవుని స్వరూపంలో సృష్టి అయ్యాడు. నిర్గమకాండము 31వ అధ్యాయం బెసలేలు అనే పనివాడి నేర్పును దేవుని ఆత్మ ఇచ్చిన వరంగా చెబుతుంది. మొదటి మాట వల్ల మనిషి విలువను అతని పనితో తూచడం కుదరదు. రెండో మాట వల్ల పనితనాన్నే పాపమనడం కుదరదు. ఈ వాదం కంప్యూటర్లతో పుట్టింది కాదు. కడప జిల్లాలో గండికోట, జమ్మలమడుగు చుట్టుపట్ల 17వ శతాబ్దం నుంచీ జరిగిన కొన్ని సంగతులు దీన్ని పరీక్షించి చూడడానికి పనికొస్తాయి.

ఫిరంగి, అచ్చు, ఆసుపత్రి

గోల్కొండ సేనాని మీర్ జుమ్లా 1650లో గండికోటను పట్టుకున్నాడు. 1652లో అక్కడికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్, క్లాడ్ మాయే అనే ఫ్రెంచివాడు మీర్ జుమ్లా కోసం ఫిరంగులు పోతపోసే పనిలో ఉన్నాడని రాశాడు. గుళ్లలోని రాగి విగ్రహాలను తెప్పించి అందుకు కరిగించారట. అయినా ఒక్క ఫిరంగీ సరిగా దిగలేదట. క్రైస్తవ దేశంలో పుట్టిన నేర్పరి తన విద్యను యుద్ధానికి అమ్మి, పరుల పూజామూర్తులను ముడిసరుకు చేసిన సందర్భమిది. మతం పేరు ఉన్నంత మాత్రాన సాంకేతికతకు నీతి అబ్బదని దీన్నిబట్టే తెలుస్తుంది. అచ్చు యంత్రం కథ వేరు. మద్రాసులో తెలుగు నేర్చిన మతబోధకుడు బెంజమిన్ షుల్జ్ రచనలు 1746–47లో జర్మనీలోని హాల్లేలో తెలుగు లిపిలో అచ్చయ్యాయి. నూరేళ్ల తర్వాత, కడపలో కొలువు చేసిన సి.పి. బ్రౌన్ నిఘంటువు 1852లో మద్రాసులోని ఒక క్రైస్తవ సంఘపు ముద్రణాలయంలోనే వెలువడింది. ప్రచారానికి వచ్చిన అచ్చు అందరి భాషకూ ఆస్తి అయింది. జమ్మలమడుగులో లండన్ మిషన్ వైద్యుడు టి.వి. క్యాంబెల్ పేరిట వెలసిన ఆసుపత్రి మూడో దారి చూపింది: అక్కడ కొత్త విద్య నేరుగా రోగి ఒంటికి అక్కరకొచ్చింది. మూడుచోట్లా నేర్పు ఉంది. ఫలితాన్ని మార్చింది అది ఎవరి చేతిలో, ఎవరి కోసం పనిచేసిందన్నదే.

నేటి ప్రకటనలు

అమెరికాలోని దక్షిణ బాప్టిస్టుల నీతి విభాగం 2019లో కృత్రిమ మేధపై ఒక సూత్రావళి వెలువరించింది. 2020 ఫిబ్రవరి 28న రోమ్‌లో జీవన పరిరక్షణకు సంబంధించిన వాటికన్ అకాడమీతో పాటు మైక్రోసాఫ్ట్, ఐబీఎం సంస్థలు ఒక నైతిక పిలుపు మీద సంతకాలు చేశాయి. 2024 జూన్‌లో జీ7 సదస్సులో పోప్ ఫ్రాన్సిస్, మనిషి ప్రాణం తీసే నిర్ణయం ఏ యంత్రానికీ వదలరాదన్నారు. గండికోట కొలిమి లేవనెత్తిన ప్రశ్నే ఇది. 2025 జనవరిలో వాటికన్ వెలువరించిన ‘ఆంటిక్వా ఎట్ నోవా’ అనే పత్రం మానవ బుద్ధికీ, యంత్రపు లెక్కకూ తేడాను వివరించింది. అదే ఏడు మే నెలలో ఎన్నికైన పోప్ లియో 14, పారిశ్రామిక విప్లవ కాలంలో కార్మికుల హక్కులపై 1891లో లేఖ రాసిన లియో 13ను తలచుకునే ఆ పేరు పెట్టుకున్నానని చెప్పారు. చేనేతకు పేరొందిన ప్రొద్దుటూరు, జమ్మలమడుగులకు ఈ కార్మిక ప్రశ్న పరాయిది కాదు.

అభ్యంతరాలు, సమాధానాలు

మిషనరీల అచ్చూ, వైద్యమూ మతమార్పిడికీ, వలస పాలనకూ ఆసరా అయ్యాయన్నది మొదటి ఆక్షేపణ. అది నిజమే. అయితే తెచ్చినవారి ఉద్దేశంతోనే పరికరం తీర్పు ముగియదని బ్రౌన్ నిఘంటువు రుజువు చేస్తుంది. కనుక మంచి ఉద్దేశం ప్రకటించిన కంపెనీల మీదా నిఘా తప్పదు. చర్చి ప్రకటనలకు చట్టబలం లేదన్నది రెండో ఆక్షేపణ. ఇదీ కాదనలేనిదే. అయినా చర్చికి సొంత చేతుల్లో పని ఉంది. 2023లో మెటా సంస్థ వెయ్యికి పైగా భాషల మాటను యంత్రానికి నేర్పడానికి కొత్త నిబంధన పఠనాల రికార్డింగులనే వాడుకుంది. అంటే క్రైస్తవ గ్రంథం ఇప్పటికే కృత్రిమ మేధకు ముడిసరుకు. అందుచేత యంత్రం రాసిన ప్రసంగానికి పాస్టరు, యంత్రం సూచించిన చికిత్సకు వైద్యుడు, యంత్రం తీసేసిన కొలువుకు యజమాని పేరు పెట్టి జవాబు చెప్పాలని తన సంస్థల్లోనే నియమం పెట్టుకోవడం చర్చి చేతిలో పని. అది చేయని చర్చికి కంపెనీలను అడిగే అర్హత ఉండదు.