బార్బెక్యూ పోటీ జట్టు

బార్బెక్యూ పోటీ జట్టు అనగా కట్టెలు లేదా బొగ్గుల సెగపై, పొగలో, మాంసాన్ని నిదానంగా వండే పోటీలలో ఒకే పేరుతో పాల్గొనే వంటవారి బృందం. ఈ పోటీలు ప్రధానంగా అమెరికా సంయుక్త రాష్ట్రాలలో జరుగుతాయి. క్రికెట్ జట్టుకు 11 మంది, కబడ్డీ బరిలో ఏడుగురు అన్నట్లుగా ఇక్కడ సభ్యుల సంఖ్యను నిబంధనలు నిర్ణయించవు. ఆ నిర్ణయాన్ని జట్టే తీసుకోవాలి. ఒంటరిగా పాల్గొనేవారు, దంపతులు, పదుల సంఖ్యలో సభ్యులున్న జట్లు కూడా ఈ పోటీలలో కనిపిస్తాయి. వండవలసిన మాంసాల సంఖ్య, వాటిని అప్పగించే వేళలు, న్యాయనిర్ణేతలు వంటను పరిశీలించే పద్ధతి, ఖర్చు అనే నాలుగు అంశాలపై ఈ సంఖ్య ఆధారపడి ఉంటుంది. వీటిలో అప్పగింత వేళలే అత్యంత ముఖ్యమైనవి.

పోటీల నేపథ్యం

గట్టిగా ఉండే మాంసపు కోతలను తక్కువ వేడిపై గంటల తరబడి ఉంచి మెత్తబరచడం అమెరికా దక్షిణ రాష్ట్రాలలో పాత అలవాటు. ఇది క్రమబద్ధమైన పోటీగా మారింది 1970 దశకం నుండి. టెక్సాస్ రాష్ట్రంలోని హ్యూస్టన్ పశుప్రదర్శనకు అనుబంధంగా 1974లో బార్బెక్యూ పోటీ మొదలయింది. టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్ నగరంలో "మెంఫిస్ ఇన్ మే" ఉత్సవంలో భాగంగా 1978లోను, కాన్సస్ సిటీలో "అమెరికన్ రాయల్" ఆధ్వర్యంలో 1980లోను పోటీలు ప్రారంభమయ్యాయి. 1985లో కాన్సస్ సిటీ బార్బెక్యూ సొసైటీ ఏర్పడి, తన నిబంధనల కింద దేశమంతటా పోటీలు జరగడానికి దోహదం చేసింది. ఈ వ్యాసంలో వేరుగా చెప్పనిచోట ఆ సొసైటీ పద్ధతినే ఆధారంగా తీసుకోవడమైనది.

నిబంధనలు

కాన్సస్ సిటీ పద్ధతిలో జట్టుకు ఒక ప్రధాన వంటగాడు లేదా వంటగత్తె ఉండాలి. సహాయకులు ఎందరుండాలో ఆ వ్యక్తి ఇష్టం. జట్టు తనకు కేటాయించిన స్థలంలోనే వండాలి. ఒకే పొయ్యిని రెండు జట్లు పంచుకోరాదు. మాంసాన్ని ముందుగా కోసి, కొవ్వు తీసి తెచ్చుకోవచ్చు గాని, తనిఖీ పూర్తయ్యేవరకు ఉప్పు, మసాలా తగలనీయరాదు. వంటకు కట్టెలు, బొగ్గులు, చెక్క గుళికలు వాడాలి. గ్యాసు సెగపై వండరాదు.

నాలుగు మాంసాలు తప్పనిసరి. అవి కోడి, పంది పక్కటెముకలు, పంది భుజం, బ్రిస్కెట్ (పశువు రొమ్ముభాగం). వీటిని సాధారణంగా మధ్యాహ్నం 12:00, 12:30, 1:00, 1:30 గంటలకు ఈ వరుసలోనే అప్పగించాలి. చెప్పిన వేళకు అయిదు నిమిషాలు ముందు నుండి అయిదు నిమిషాలు తరువాత వరకే పెట్టెను స్వీకరిస్తారు. ఆ తరువాత వచ్చిన పెట్టె ఎంత రుచికరమైనదైనా లెక్కలోకి రాదు.

ప్రతి పెట్టెలో కనీసం ఆరుగురు న్యాయనిర్ణేతలకు సరిపడే విడి ముక్కలు ఉండాలి. పెట్టె ఏ జట్టుదో నిర్ణేతలకు తెలియదు. ప్రతి నిర్ణేత రూపం, రుచి, మెత్తదనం అనే మూడు అంశాలకు మార్కులు వేస్తారు. రుచికి సగానికి పైగా భారం ఉంటుంది. ఆరుగురిలో అతి తక్కువ మొత్తం ఇచ్చిన ఒకరి మార్కులను తీసివేస్తారు. మిగిలిన అయిదుగురి మార్కులు కలిపి ఒక మాంసానికి గరిష్ఠం 180, నాలుగింటికి 720.

పని స్వరూపం

జట్టు పరిమాణాన్ని అర్థం చేసుకోవడానికి పోటీ ముందురోజు సాయంత్రం నుండి మరునాటి మధ్యాహ్నం వరకు పని ఎలా సాగుతుందో తెలియాలి. తక్కువ వేడిపై, అనగా సుమారు 107 నుండి 121 డిగ్రీల సెల్సియస్ మధ్య, వండే జట్టు దినచర్య స్థూలంగా ఇలా ఉంటుంది.

* సాయంత్రం: తనిఖీ, మాంసానికి మసాలా పట్టించడం, పొయ్యి సిద్ధం చేయడం.
* రాత్రి 11 నుండి 1 గంట మధ్య: బ్రిస్కెట్, ఆ వెనుక పంది భుజం పొయ్యిపైకి ఎక్కుతాయి. ఈ రెండింటికీ 8 నుండి 14 గంటల వరకు పట్టవచ్చు.
* తెల్లవారుజాము: పెద్ద మాంసాలను అల్యూమినియం రేకులో చుట్టడం.
* ఉదయం 6 నుండి 7 గంటల మధ్య: పక్కటెముకలు పొయ్యిపైకి వెళతాయి. వీటికి అయిదారు గంటలు కావాలి.
* ఉదయం 10 గంటల ప్రాంతం: కోడి తొడలు. వీటికి గంటన్నర, రెండు గంటలు చాలు.
* మధ్యాహ్నం 11:30 నుండి 1:30 వరకు: కోయడం, ఏరడం, పెట్టెలో అమర్చడం, అప్పగించడం.

రాత్రి పని దీర్ఘమైనదే గాని బరువైనది కాదు. అప్పుడప్పుడు కట్టె వేయడం, వేడి చూడడం తప్ప చేయవలసినది తక్కువ. పొయ్యిలోకి గాలిని చిన్న పంకా ద్వారా నియంత్రించే విద్యుత్ పరికరాలు వచ్చిన తరువాత ఈ కాపలా మరింత సులువయింది. కనుక రాత్రి పనిని చూసి మనుషులను లెక్కించిన జట్టు అవసరానికి మించి చేర్చుకొనే అవకాశం ఉంది.

అసలు ఒత్తిడి చివరి రెండు గంటలది. కోడి పెట్టె 12 గంటలకు వెళ్ళవలసి ఉండగా, అదే సమయంలో పక్కటెముకలకు చివరి సాసు పూయాలి. పంది భుజం, బ్రిస్కెట్‌లను విప్పి చూడాలి. కోడి చర్మం ఎక్కువసేపు నిలిపితే చెడుతుంది కాబట్టి దానిని ముందుగా సిద్ధం చేసి పక్కన పెట్టే వీలు తక్కువ. ఈ అరగంటలో మూడు పనులు ఒకేసారి జరగాలి. ఒకరు కత్తి పట్టి ముక్కలు ఏరి పెట్టెలో పేర్చాలి, ఒకరు తరువాతి మాంసాన్ని చూడాలి, ఒకరు పెట్టెను వంచకుండా, జనం మధ్య నుండి, నిర్ణేతల గుడారం వరకు మోసుకుపోవాలి. నాలుగు పెట్టెలకు ఈ మూడు పనులు అరగంటకొకసారి పునరావృతమవుతాయి.

ఈ రద్దీని మనుషులతో గాక సమయంతో కూడా తగ్గించుకోవచ్చు. పెద్ద మాంసం లోపలి ఉష్ణోగ్రత 65 నుండి 75 డిగ్రీల మధ్యకు చేరాక, ఉపరితలంలోని తేమ ఆవిరి కావడం వలన గంటల తరబడి పెరగకుండా ఆగిపోవచ్చు. ఎంతసేపు ఆగుతుందో కచ్చితంగా చెప్పలేము. అందుచేత అనుభవజ్ఞులు బ్రిస్కెట్‌ను అప్పగింతకు రెండు మూడు గంటల ముందే దించేలా చూసి, వేడి పోని పెట్టెలో భద్రపరుస్తారు. వండిన మాంసం 60 డిగ్రీలకు తగ్గకుండా ఉండాలన్నది నియమం. ఇలా ముందే ముగించిన పని మధ్యాహ్నం ఒక మనిషి అవసరాన్ని తగ్గిస్తుంది.

సభ్యుల సంఖ్య

ఒక్కరు. నాలుగు మాంసాల పోటీలో ఒంటరిగా పాల్గొనడం సాధ్యమే. ఎక్కువ వేడిపై, సుమారు 150 డిగ్రీలకు పైన, త్వరగా వండే పద్ధతిని ఇటువంటి వారు ఆశ్రయిస్తారు. అప్పుడు బ్రిస్కెట్ ఆరు గంటల లోపే అవుతుంది గనుక రాత్రి నిద్ర దొరుకుతుంది. పెట్టెను అప్పగించడానికి వెళ్ళిన కొన్ని నిమిషాలు పొయ్యి దగ్గర ఎవరూ ఉండకపోవడం, రుచి చూసి చెప్పే రెండో నాలుక లేకపోవడం ఇందులోని లోపాలు.

ఇద్దరు. దంపతులు, అన్నదమ్ములు, స్నేహితులు జంటగా పాల్గొనే జట్లు అనేకం. టెక్సాస్‌కు చెందిన జానీ ట్రిగ్ తన భార్య ట్రిష్‌తో కలిసి పోటీలలో పాల్గొని, జాక్ డేనియల్స్ ఆహ్వాన పోటీని 2000, 2003 సంవత్సరాలలో గెలుచుకొన్నాడు. ఇద్దరిలో ఒకరు పొయ్యికి, మరొకరు పెట్టెకు బాధ్యులైతే పని స్పష్టంగా విడిపోతుంది. మోసుకుపోయే పని పెట్టెవారిదే అవుతుంది. అయితే ఒకరికి జ్వరం వస్తే సగం జట్టు లేనట్లే.

ముగ్గురు, నలుగురు. పైన చెప్పిన మూడు పనులకు ముగ్గురు సరిగ్గా సరిపోతారు. నాలుగో వ్యక్తి ఉంటే రాత్రి వంతులవారీగా నిద్రపోవచ్చు, గిన్నెలు, కత్తులు వెంటవెంటనే కడుగుకోవచ్చు, ఎవరైనా రాలేకపోయినా జట్టు నిలబడుతుంది. కొత్తగా ప్రారంభించేవారికి ఇది అనుకూలమైన సంఖ్య. తొలి పోటీకి ముందు నాలుగు పెట్టెలను గడియారం చూసుకొంటూ ఇంటి వద్ద ఒకసారి పూర్తిగా వండి చూస్తే, ఏ నిమిషంలో చేతులు చాలడం లేదో తెలుస్తుంది.

అయిదుగురు, అంతకు మించి. నాలుగు మాంసాల పోటీలో అయిదో వ్యక్తి నుండి ఉపయోగం తగ్గి ఇబ్బంది పెరుగుతుంది. గుడారం కింద కోత బల్ల ఒకటే ఉంటుంది. ఆరు ముక్కలను ఆరుగురు కలిసి ఏరలేరు. సాసులో తీపి పెంచాలా, కారం పెంచాలా అనే చర్చ 11:50కి మొదలయితే పెట్టె ఆలస్యమవుతుంది.

పోటీ రకాన్ని బట్టి తేడాలు

మెంఫిస్ పద్ధతిలో పరిస్థితి భిన్నమైనది. అక్కడ మొత్తం పంది, పంది భుజం, పక్కటెముకలు ప్రధాన విభాగాలు. పెట్టె పంపడంతోపాటు, నిర్ణేతలు ఒక్కొక్కరుగా జట్టు గుడారానికే వస్తారు. వారిని ఆహ్వానించి, వంట విధానాన్ని వివరించి, కూర్చోబెట్టి వడ్డించాలి. స్థలం శుభ్రత, వివరించే తీరు కూడా పరిశీలనలోకి వస్తాయి. అందువలన వంటవారు గాక మాట్లాడే వ్యక్తి, బల్ల సర్దే వ్యక్తి, శుభ్రపరిచేవారు అవసరమవుతారు. మొత్తం పంది విభాగంలో శుభ్రం చేసిన పంది కనీసం 85 పౌండ్లు (సుమారు 38.5 కిలోలు) ఉండాలి గనుక దానిని ఎత్తి పొయ్యిలో పెట్టడానికే ఒకరికి మించి కావాలి. అయినా పెద్ద జట్టే గెలుస్తుందన్న నియమం లేదు. మెలిసా కుక్‌స్టన్, ఆమె భర్త పీట్ నడిపిన జట్టు 2010, 2012 సంవత్సరాలలో మెంఫిస్ ఇన్ మే గ్రాండ్ ఛాంపియన్‌గా నిలిచింది.

హ్యూస్టన్ పోటీలో అనేక జట్లు పెద్ద గుడారాలు వేసి వందలాది అతిథులకు విందులిస్తాయి. అక్కడి జట్లలో అధిక సభ్యులు ఆతిథ్యానికే పనిచేస్తారు. పోటీకి వండేవారు మాత్రం కొద్దిమందే. దీనికి మరోవైపున, 2013లో టెక్సాస్‌లో మొదలయిన స్టీక్ కుకాఫ్ అసోసియేషన్ పోటీలలో ఒకే మాంసపు ముక్కను కాల్చి ఇవ్వాలి గనుక ఒక్కరే పాల్గొనడం సాధారణం.

ఖర్చు, బహుమతి, నిర్ణయాధికారం

ప్రవేశ రుసుము, మాంసం, కట్టెలు, ప్రయాణం కలిపి ఒక్కో పోటీకి వందల డాలర్లు ఖర్చవుతుంది. సభ్యులు పెరిగితే ఒక్కొక్కరి వాటా తగ్గుతుంది. బహుమతి వాటా కూడా తగ్గుతుంది. అధిక జట్లకు ఖర్చు ఖాయం, బహుమతి అనుమానం. కనుక ఖర్చు పంచుకోవడానికే కొందరిని చేర్చుకొనే జట్లు ఉన్నాయి. ఇటువంటివారికి పని చూపకపోతే జట్టులో అసంతృప్తి కలుగుతుంది. ఎవరు ఎంత పెట్టాలి, గెలిస్తే ఎలా పంచుకోవాలి, చివరి మాట ఎవరిది అనే మూడు విషయాలను తొలి పోటీకి ముందే నిర్ణయించుకోవడం మంచిది. నిబంధనలు ప్రధాన వంటగాడిని ఒక్కరినే గుర్తించడంలోని ప్రయోజనం ఇదే.

తెలుగునాట పోలిక

ఇటువంటి పోటీల సంప్రదాయం తెలుగునాట లేదు. ఆరుబయట, కట్టెల పొయ్యిపై, నిర్ణీత వేళకు పెద్ద ఎత్తున వండే పని మాత్రం పెళ్ళిళ్ళలో, తిరునాళ్ళలో ఉంది. నెల్లూరు జిల్లా పశ్చిమాన ఉదయగిరి, మర్రిపాడు, ఆత్మకూరు మండలాల పల్లెలు మొదలుకొని ఆంధ్ర దేశమంతటా ఈ వంటలకు ఒక వంటమేస్త్రి, అతని కింద కొద్దిమంది సహాయకులు ఉండడం పరిపాటి. నేలలో గాడిపొయ్యి తవ్వి, దానిపై గుండిగలను వరుసగా ఎక్కిస్తారు. ఉప్పు, కారం విషయంలో మేస్త్రిదే తుదిమాట. ఇక్కడ కూడా రాత్రి కూరగాయలు తరగడం కంటే మొదటి బంతి కూర్చొనే వేళే కష్టమైనది. ఆ వేళకు కావలసిన అదనపు చేతులను వంటవారి నుండి గాక బంధువుల నుండి తీసుకొంటారు. వడ్డన పెళ్ళివారి కుర్రవాళ్ళది. మెంఫిస్ జట్లు వంటవారిని, అతిథులను చూసుకొనేవారిని వేరుచేయడం దీనికి దగ్గరి పోలిక.

రెండింటికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. పెళ్ళిలో అన్నం పది నిమిషాలు ఆలస్యమయితే బంతి ఆగుతుంది, పప్పు చాలకపోతే రెండో గుండిగ దిగుతుంది. పోటీలో ఆ వెసులుబాటు లేదు. రాత్రంతా మేలుకొని వండినదంతా చివరకు ఆరు ముక్కలుగా, పది నిమిషాల వ్యవధిలో, ఒకరి చేతుల మీదుగా వెళుతుంది. ఆ పది నిమిషాలకు ఎన్ని చేతులు కావాలో అన్నే జట్టుకు సరైన సంఖ్య.

ఇవి కూడా చూడండి

* బార్బెక్యూ
* అమెరికా సంయుక్త రాష్ట్రాల వంటలు
* వనభోజనాలు
* మర్రిపాడు మండలం