బొడ్డులో నూనె – మూతబడ్డ దారి

సుపేలాలో మా వీధిలోని ఒక పెద్దాయన గ్లకోమాకి డాక్టరు రాసిన చుక్కలు ఆపేసి, రాత్రిపూట బొడ్డులో ఆవనూనె వేసుకోవడం మొదలుపెట్టాడు. ఎందుకండీ అనడిగితే ఫోన్ తీసి చూపించాడు. బొడ్డు వెనక "పెచోటి గ్రంథి" ఉందట, దానికి 72,000 నరాలు కలిసి ఉంటాయట, ఎండిపోయిన నరాన్ని నూనె వెతుక్కుంటూ పోతుందట. చివర్లో మామూలే, ఇదంతా మన పూర్వీకులకి ఎప్పుడో తెలుసట!

అలాంటి గ్రంథి మనిషి ఒంట్లో లేదు. సరే, పూర్వీకులకి ఏం తెలుసో చూద్దాం.

గర్భంలోని బిడ్డ బొడ్డునాడి తల్లి రసవహ నాడికి కలిసి ఉంటుందని, ఆ దారినే పోషణ అందుతుందని సుశ్రుత సంహిత శారీరస్థానంలో ఉంది. మరో అధ్యాయంలో 700 సిరలకీ బొడ్డే మూలం అని ఉంది. మొదటిది మంచి పరిశీలన. రెండోది దాన్నుంచి లాగిన తప్పు లెక్క. అయినా ఆయన్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. శవాన్ని గడ్డిలో చుట్టి, పారే నీటిలో ఏడు రాత్రులు నానబెట్టి, కుంచెలతో పొర తర్వాత పొర రుద్ది కళ్ళతో చూడమని రాసిందీ ఆ గ్రంథంలోనే.

తల్లి రక్తనాళాలు, బిడ్డ రక్తనాళాలు నేరుగా కలవవని 1564లో బొలోనా అధ్యాపకుడు అరాంజియో తన పుస్తకంలో వాదించాడు. బొడ్డు సిర రక్తాన్ని కాలేయం పక్కనుంచి దాటించే అడ్డదారికి నేటికీ ఆయన పేరే. ఊపిరితిత్తులు ఇంకా పని చెయ్యని పిండంలో, గుండె దగ్గరున్న రెండు అడ్డదారుల అవసరమేమిటో 1628లో హార్వే వివరించాడు.

బొడ్డుతాడులో ఒక సిర, రెండు ధమనులు ఉంటాయి. బిడ్డ పుట్టిన నిమిషాల్లో ధమనులు ముడుచుకుంటాయి, సిర కాస్త తర్వాత. క్రమంగా లోపల బొడ్డు వైపు మిగిలేవి ఉత్త తాళ్ళే. నెలలు నిండని బిడ్డకి మొదటి రోజుల్లో బొడ్డు సిరలోంచే సన్నని గొట్టం వేసి మందు ఎక్కిస్తారు. అంటే దారి ఒకప్పుడు నిజంగానే ఉండేది. డెబ్భై ఏళ్ళ మనిషికి అది ఎప్పుడో మూసేసిన ఖాతా. అందులో జమ రాస్తే ఏ ఆడిటరూ ఒప్పుకోడు. డిఫెన్స్ అకౌంట్స్‌లో బతుకంతా గడిపినవాణ్ణి, ఆ మాత్రం నాకు తెలుసు.

ఇక 72,000 సంగతి. బృహదారణ్యకోపనిషత్తులో ఈ నాడులు గుండె నుంచి బయల్దేరతాయి. తర్వాతి యోగగ్రంథాల్లో బొడ్డు కింద నుంచి. మూలం మారింది, అంకె మాత్రం చెక్కు చెదరలేదు! ఆర్యసమాజం పెట్టిన దయానంద సరస్వతికి కూడా ఇలాంటి పుస్తకాల మీద అనుమానం వచ్చింది. నదిలో కొట్టుకొచ్చిన శవాన్ని కోసి, పుస్తకంలోని చక్రాలతో పోల్చి చూసి, ఏదీ సరిపోక ఆ పుస్తకాలను చింపి శవంతోపాటే నీటిలో పారేశానని ఆయనే చెప్పుకున్నాడు. ఆయన హేతువాది కాడు, వేదాన్ని ప్రమాణంగా నమ్మినవాడు.

"నూనెతో నష్టమేముందండీ?" అన్నాడు పెద్దాయన. నూనెతో లేదు, చుక్కలు ఆపడంతో ఉంది. గ్లకోమాలో పోయిన చూపు తిరిగి రాదు. ఆఖరికి కొడుకు పట్టుబట్టి పరీక్ష చేయిస్తే కంటి ఒత్తిడి బాగా పెరిగి ఉంది. ఇప్పుడు చుక్కలు వేసుకుంటున్నాడు. నూనె కూడా మానలేదు.